టిఫిన్ డబ్బాలో మందు

ప్రభుదాసు దిగులంతా వాళ్ళమ్మ వేళ్ళ మీదే. నర్సాపురంలో లేసు అల్లిక అంటే కరుణమ్మే, ఇంకొకరిని అడగక్కర్లేదు. అలాంటి మనిషికి కీళ్ళవాతం వచ్చి వేళ్ళు కొంకర్లు పోయాయి. ఫోన్ చేసినప్పుడల్లా ఒక్కటే మాట: "ఒరే నాన్నా, చచ్చేలోగా ఒక్క లేసు పువ్వు అల్లితే చాలురా." అది విన్న పూట వాడికి ముద్ద దిగేది కాదు.

వాడు విశాఖలో ఒక లాబ్‌లో పనిచేసేదేమో సరిగ్గా ఆ జబ్బు మందు మీదే. ఒంట్లో ఒక జన్యువు అదుపు తప్పి కీళ్ళను వాపెక్కిస్తుంది. దాని నోరు నొక్కే మందు అది. ఎలుకల కాళ్ళ వాపు చేత్తో తీసేసినట్టు పోయింది. కానీ రెండు ఎలుకలు ఊపిరాడక చచ్చిపోయాయి. ఎందుకో తేలలేదు.

"మనుషులకి ఎప్పుడిస్తాం మేడమ్?" అని, అమ్మ సంగతి చెప్పుకుని, తన గురువుగారైన డాక్టర్ కామేశ్వరిని ఎన్నిసార్లడిగాడో.

"తేలాకనయ్యా," అనేవారు ఆవిడ.

ఆ తేలడానికి ఎన్నేళ్ళు పడుతుందో! అప్పటికి అమ్మ ఉండొద్దూ?

ఓ శనివారం మనవాడు తెగించాడు. లాబ్ ఫ్రిజ్‌లోంచి మందు సీసా ఒకటి తీసి టిఫిన్ డబ్బాలో ఐసు ముక్కల మధ్య దాచాడు. సాయంత్రం బస్సుకి అమ్మ దగ్గరికి ప్రయాణం. అంత చదువూ చదివి, ఆ లాబ్‌లో మధ్యాహ్నం అందరూ డబ్బాలు కలిపి తింటారన్న సంగతే మరిచిపోయాడు, ఖర్మ!

మిగతావాళ్ళు చేతులు కడుక్కోడానికి వెళ్ళారు. "ఇవాళేం కూరయ్యా?" అంటూ కామేశ్వరి గారు వాడి డబ్బా మూత తీశారు.

ఆ సీసా చూశారు. తిట్టలేదు. తెల్లకోటు చేయి పైకి మడిచి, వాడి ముందు చెయ్యి చాపారు.

"ముందు నాకు వెయ్యి."

ఆ వేళ్ళూ అలాగే వంకర్లు పోయి ఉన్నాయి. రోజూ చూసే చేతులే. అమ్మ ధ్యాసలో పడి వాడు వాటినెప్పుడూ పట్టించుకోలేదు.

"అమ్మో, వద్దు మేడమ్! మీకేమైనా అయితే?"

అనేశాక గానీ తనేమన్నాడో వాడికి తెలిసిరాలేదు. చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడ్చినంతసేపూ ఆవిడ పక్కనే నిలబడ్డారు.

తర్వాత ఇద్దరూ వెళ్ళి సీసాని ఫ్రిజ్‌లో పెట్టారు. వేళ్ళకి పట్టు చిక్కక ఆవిడ మోచేత్తో తలుపు నెట్టారు.

"పదకొండేళ్ళుగా ఈ తలుపు మూస్తున్నానయ్యా," అన్నారు. "ఒక్కోరోజు మూయబుద్ధి కాదు."