మిరియపు తీగ చెక్కిన వరండా

"పుల్లలు నావి, ఆకులు నీవి, పిట్టంత ఇల్లు కడదామా,
చూరు కిందికి జల్లొస్తే చేతులడ్డం పెడదామా..."

ఆ పైన ఏముందో తులశమ్మకు గుర్తు రాదు. పెరట్లో అరటిదొప్పలు పేర్చి ఇల్లు కట్టుకుని, తనూ చెల్లెలు నూకరత్నమూ గుజ్జనగూళ్ళు ఆడుకునేటప్పుడు పాడిన పాట అది. ఇంకో చరణం ఉందని మాత్రం తెలుసు. చెల్లెలికి గుర్తుంటుందేమో అడుగుదామనే కిందటి వారం వెళ్ళింది. మంచాన పడున్న మనిషిని చూశాక పాట గొంతులోనే ఉండిపోయింది. కడుపులో పుండు ముదిరిపోయిందనీ, ఇక మందులతో పని లేదనీ డాక్టరు నూకరత్నం కొడుకుతో చెప్పాడు. వాడు తల్లితో "గ్యాసమ్మా, తగ్గిపోద్ది" అన్నాడు. పెద్దమ్మను వంటింట్లోకి లాక్కెళ్ళి చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. "నువ్వు నోరు విప్పావంటే అమ్మ ఆ మాటకే పోద్ది, పెద్దమ్మా!" అన్నాడు. ఒట్టయితే వేసింది. కానీ చెల్లెలు, వచ్చినవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే వెతుక్కుంటూ పడుకుని ఉండడం తులశమ్మ కళ్ళలోంచి పోలేదు. సాయంత్రం బస్సుకి మళ్ళీ అక్కడికే వెళ్ళాలి. వెళ్ళేముందు మాస్టారి దగ్గరికి వచ్చింది.

మాస్టారు దశరథరామయ్యగారు పాడేరు వైపు కొండల్లో ఆ చిన్న ఊరి బడిలో పనిచేసి, రిటైరయ్యాక తన ఇంటి అరుగు మీదే పెద్దవాళ్ళకు అక్షరాలు దిద్దించేవారు. అరవై దాటిన తులశమ్మ పలక పట్టింది ఆ అరుగు మీదనే. చదవడం వచ్చేశాక కూడా ఆమె రావడం మానలేదు. అక్షరాలు అయిపోయాయి గానీ అడగాల్సినవి అయిపోలేదు మరి. మాస్టారికి ఒక అలవాటుంది. గుణింతం అడిగితే ఠక్కున చెప్పేవారు. బతుకు సంగతి అడిగితే మాత్రం కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, చెప్పుల్లో కాళ్ళు దూర్చేవారు.

"మాస్టారూ, మనిషి మీద ప్రేముంటే నిజం చెప్పాలా, దాచాలా?" అని ఆమె అడిగింది. చెల్లెలి సంగతంతా చెప్పింది.

ఆయన కళ్ళజోడు తీశారు. "పదండి, సన్యాసిరావు ఇల్లు ఎంతవరకొచ్చిందో చూసొద్దాం."

సన్యాసిరావు ఇంటి గురించి ఆ కొండల్లో తెలియనివాళ్ళు లేరు. కాఫీ తోటలో మరమ్మతుల పని చేసిన రోజుల్లో, మేనేజరు బంగళాలో పాత పుస్తకం ఒకదానిలో అతను ఒక ఇంటి బొమ్మ చూశాడు. కోడి రెక్కలు చాపి పిల్లల్ని కప్పినట్టు కిందికి వాలిన కప్పు. మొదట లావుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఉండే స్తంభాలు. మనుషులు కూచోడానికే పుట్టినంత వెడల్పు వరండా. క్రాఫ్ట్స్‌మన్ ఇల్లంటారట దాన్ని, ఎక్కడో దూరదేశపు వడ్రంగుల పద్ధతి. కర్రకి కర్ర ఎక్కడ అతికిందో దాచకుండా అందరికీ కనపడేట్టు వదిలేయడమే దాని అందమట. ఆ రోజు ఇంటికెళ్ళి పెళ్ళాం అప్పలకొండతో, మనమూ కట్టుకుందామే అన్నాడు. ఇద్దరూ పక్కన రేకుల పాకలో కాపురం పెట్టి, కూలివాళ్ళను పిలవకుండా, సిల్వర్ ఓక్ దుంగలు నీడలో ఆరబెట్టుకుంటూ, ఒక్కో చెక్కా ఎక్కిస్తున్నారు. మేకు కొట్టడు. కర్ర ముక్కును ఇంకో కర్ర బెజ్జంలో దించి వెదురుపుల్ల బిగిస్తాడు. "పేరు సన్యాసి, పుట్టిందగ్గర్నించీ కట్టేది ఇల్లు" అని ఊళ్ళో నవ్వుకునేవారు. అప్పలకొండ కూడా వాళ్ళతో కలిసి నవ్వేది.

వీళ్ళు వెళ్ళేసరికి అతను వరండాలో చిత్రిక పడుతున్నాడు. చెక్కపొట్టు చుట్టలు చుట్టలుగా మోకాళ్ళదాకా ఉంది. అప్పలకొండ చిన్న ఉలి పట్టుకుని వరండా చేతిపట్టు కర్ర మీద మిరియపు తీగ చెక్కుతోంది. చుట్టూ తోటలో సిల్వర్ ఓక్ చెట్లకు మిరియపు తీగలే పాకి ఉంటాయి కదా, చెట్టుని నరికి తెచ్చాం, దాని తీగని ఎందుకు విడదీయాలని ఆమె ఆలోచన.

"రండి మాస్టారూ! గృహప్రవేశానికి పిలవకముందే వచ్చీసేరేటి?"

"నువ్వు పిలిచేదాకా ఆగితే నాకు కర్ర పట్టుకునే ఓపిక కూడా ఉండదు."

"అప్పటికి మీకు పట్టుకోడానికి ఈ కర్రంతా ఉంటాదిలెండి" అంటూ సన్యాసిరావు లేచి పీట దులిపాడు.

తులశమ్మ ఆ తీగ దగ్గరికి వెళ్ళింది. అది మెట్ల దగ్గర మొదలై వరండా చుట్టూ పాకింది. వేలితో రాస్తూ నడిచింది. మెట్ల దగ్గర ఆకులు చిన్నవి, ఆకులో ఈనెలు కూడా ఉన్నాయి. మలుపు తిరిగాక ఆకులు పెద్దవయ్యాయి. ఇంకా ముందుకి ఈనెలు లేవు, గీత లోతుగా దిగింది. ఆ చివర ఒక ఆకు తీగకు దూరంగా, ఒంటరిగా ఉంది. తులశమ్మ మనసులో ఏమీ లేదు. వింతగా అనిపించి, పైకే అనేసింది.

"అయ్యో, ఈ ఆకు తీగని వదిలేసిందే!"

అప్పలకొండ చేతిలో ఉలి ఆగింది. "ఏదమ్మా?" అంది. తులశమ్మ వేలు ఒకచోట ఉంటే అప్పలకొండ చూపు వేరేచోట ఉంది.

"రాలిపోయే ఆకండీ అది" అని సన్యాసిరావు గబగబా అందుకున్నాడు. "తీగన్నాక రాలే ఆకు కూడా ఉండాలి కదా. నేనే చెప్పేను, అలా చెక్కమని."

అప్పలకొండ కర్ర వెంట చెయ్యి జరుపుకుంటూ వచ్చి ఆ ఆకును దొరకబుచ్చుకుంది. తీగకూ ఆకుకూ మధ్య ఉన్న జాగాలో వేలు పెట్టి చాలాసేపు నిలబడింది.

"నువ్వు చెప్పలేదు. నేను రాలే ఆకు చెక్కలేదు" అంది. "నీకు ఎప్పుడ్నించి తెలుసు?"

"ఏటి తెలవడం?"

"నా కళ్ళు."

సన్యాసిరావు చిత్రిక పక్కన పెట్టాడు. మాస్టారు పీట మీద కూచుని చెక్కపొట్టు చుట్ట ఒకటి తీసుకుని విప్పుతున్నారు.

"టీ పోసేటప్పుడు గ్లాసు అంచు లోపల వేలెట్టి పోస్తన్నావు, నిండిందో లేదో తెలియడానికి" అన్నాడు అతను. "అప్పట్నించి."

"పట్నంలో డాక్టరు చూసేడు. చెల్లి కూతురి పురుడని చెప్పి ఎల్లేను చూడు, అప్పుడు. కంటి నరం ఎండిపోతందంట. కోసినా బాగయ్యేది కాదంట." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "నీకు చెప్తే తొందర పడిపోతావని చెప్పలేదు. నా కళ్ళు పోయేలోపు ఇల్లు చూపించాలని పచ్చి కర్ర ఎక్కించేసి, మేకులు కొట్టేసి, ఇన్నాళ్ళ పనీ పాడు చేసుకుంటావని."

"నేను చెప్తే నువ్వు ఉలి వదిలేస్తావని..." అని అతను ఆగిపోయాడు.

తులశమ్మకు కళ్ళు చెమర్చాయి. ఒకరి కోసం ఒకరు ఇంత దాచుకున్నారే, ఎంత ప్రేమ అనుకుంది. అప్పలకొండ మొహం చూసేసరికి ఆ మాట అక్కడే ఆగిపోయింది. ఆ మొహంలో కోపం ఉంది.

"అయితే ఇన్నాళ్ళూ నేను చెక్కిన చెత్తంతా చూసి, బాగుందే కొండా, బాగుందే కొండా అన్నావు! పొద్దుపోయేకా కూకుని అదే మాట తలుచుకుని పడుకున్నాను నేను. ఇంక నువ్వు బాగుందంటే నాకెలా తెలుస్తాది, నిజంగా బాగుందో, నా మీద జాలో? రేపు నాకు కనపడాల్సినవన్నీ నీ నోటితోనే కదా కనపడాలి!"

సన్యాసిరావు తల గోక్కున్నాడు. గడ్డం మీద పొట్టు దులుపుకున్నాడు. ఆ తరవాత లేచి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకుంది. మళ్ళీ పట్టుకున్నాడు. ఆమె వేలిని మలుపు దగ్గరికి తీసుకెళ్ళి ఒక ఆకు మీద పెట్టాడు.

"ఇది బాలేదు. గుమ్మడాకులాగుంది."

ఆమె వేలిని పక్క ఆకు మీదికి జరిపాడు.

"ఇదీ బాలేదు. ఇక్కడ ఉలి జారింది. ఇది... పరవాలేదు. ఇదిగో, దీన్ని మిరియపాకు అంటే మిరియాలు నవ్వుతాయి." ఒక్కొక్కటే చూపిస్తూ పోయాడు. ఒక్క ఆకుని కూడా దాటెయ్యలేదు. తీగ చివరకు దగ్గరగా ఒకచోట ఆగాడు. "ఇది మాత్రం బాగుందే."

"నిజంగా?"

"మిగిలినవి బాలేవని చెప్పేను కదేటి! ఇది బాగుంది. మెట్ల దగ్గరవాటికన్నా బాగుంది. చూసి చెక్కింది కాదిది, తడిమి చెక్కింది."

అప్పలకొండ ఆ ఆకుని రెండు వేళ్ళతో మెల్లగా చుట్టివచ్చింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. కోపం తీరిపోయిందని చెప్పలేం. ఎందుకంటే ఆమె వెంటనే అతను అంతవరకూ చిత్రిక పట్టిన చెక్క దగ్గరికి వెళ్ళి, అరచెయ్యి పరిచి ఈ చివర నించి ఆ చివర దాకా లాగింది.

"మరి ఇదేటి? ఇక్కడ గరుకు ఉంది."

"లేదే! అద్దంలాగుంది చూడు."

"చూడ్డం కాదయ్యా, చెయ్యెట్టు. ఇక్కడ. ఇదిగో, ఇక్కడ కూడా. కళ్ళున్న దొరగారి పనితనం ఇదా?"

సన్యాసిరావు చెయ్యి పెట్టాడు. తల వంచుకున్నాడు. మాస్టారు నవ్వడం మొదలుపెట్టారు. తులశమ్మ కూడా కళ్ళు ఒత్తుకుంటూనే నవ్వేసింది.

"సరే, విను" అన్నాడు అతను. "ఇంక మీదట చిత్రిక నాది, తనిఖీ నీది. నీ చెయ్యి ఒప్పుకుంటేనే చెక్క పైకెక్కుద్ది."

"అలాగైతే ఈ ఇల్లు ఈ జన్మకి అవదు!"

"అవకపోతే పోనీ, వరండా అయితే ఉంది కదా" అని అతను మళ్ళీ చిత్రిక అందుకున్నాడు. అప్పలకొండ కదల్లేదు. చెక్కకు అవతలి వైపు కూచుని, అతను తోసిన చోటల్లా వెనకాలే చెయ్యి వేస్తూ, "ఇంకా", "ఇంకా" అంటూ ఉంది. వచ్చినవాళ్ళను ఇద్దరూ మరిచిపోయారు. మాస్టారు చెప్పులు వేసుకున్నారు.

కొండ దిగుతున్నంతసేపూ తులశమ్మ మనసు ఒక చోట నిలవలేదు. "నేనే నోరు జారాను మాస్టారూ. నేను ఆ మాట అనకపోతే వాళ్ళిద్దరూ అలాగే ఉండేవారు" అంది. మాస్టారు దారికి అడ్డంగా ఉన్న కొమ్మను పక్కకు పట్టుకుని ఆమె దాటేదాకా నిలబడ్డారు. "లేకపోతే నేను అనడమే మంచిదయిందంటారా? ఆవిడ మొదట ఎంత బాధపడిందో చూశారా? అయినా ఆవిడ చేతికి ఆ చెక్క తడిమే పనైనా దొరికింది. మరి మా చెల్లెలిది ఇల్లు కట్టుకునే వయసు కాదు, ఒంట్లో ఓపికా లేదు. అక్కడ ఏం చెప్పను, ఎలా చెప్పను?" మాస్టారు వింటూ నడిచారు. రోడ్డు మీదికి వచ్చేసరికి మంచు దిగుతోంది. బస్సు లైట్లు మలుపు దగ్గర కనపడ్డాయి.

ఆమె ఎక్కి కిటికీ దగ్గర కూచుంది. మాస్టారు కిందనే నిలబడి, జేబులోంచి కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడిచి పెట్టుకున్నారు. ఆయన ఏదో అడగబోతున్నట్టు కనపడి ఆమె కిటికీ కడ్డీల దాకా వంగింది. డ్రైవరు గేరు వేశాడు. బస్సు కదులుతుండగా, ఆ చప్పుడులో వినపడేట్టు ఆయన గొంతు కాస్త పెంచి అన్నారు:

"అన్నట్టు తులశమ్మగారూ, మీ చెల్లెలి చేతికి ఏ పని బాగా వచ్చు?"