వారం ఆగిన పెరుగు

ఇంట్లో తోడేసిన పెరుగును గడపగడపకూ తిరిగి అమ్ముకునే గవరమ్మకు మంత్రిగారి కొత్త చట్టం సంగతి చెవిన పడింది. కొనేవాళ్లు మోసపోకుండా, ఇల్లిల్లూ తిరిగి అమ్మేవాళ్లెవరైనా బేరం కుదిరాక వారం ఆగాకే సరుకు ఇవ్వాలట. ఈలోగా కొనేవాళ్లు మనసు మార్చుకోవచ్చట. ఇక రాజుగారి ముద్ర పడటమే తరువాయి.

మర్నాడే ఆమె మంత్రిగారి అరచేతిలో కాస్త పెరుగు వేసింది. ఆయన లొట్టలేసుకుంటూ ముంతెడుకు బేరమాడాడు. వారం పోయాక అదే ముంతను నిండు సభలో ఆయన ముందు పెట్టి మూత తీసింది. కంపుకు రాజుగారు ముక్కు మూసుకున్నారు.

"కుళ్లిన సరుకు అంటగడతావా?" మంత్రి మండిపడ్డాడు.

"రుచి చూసే కదా బేరమాడారు, అయ్యగారూ! తమరు మనసు మార్చుకుంటారేమోనని తమరు రాసిన చట్టప్రకారం వారం ఆగాను. పెరుగే ఆగలేకపోయింది."

రాజుగారు ముక్కు వదలకుండానే అన్నారు: "ఆ ముంతను అవతల పారేయండి. దాంతోపాటే ఆ చట్టాన్నీ."