విత్తనాల బుర్ర

జగ్గారావు మాస్టారికి ఒక పాడు అలవాటుంది. వాతావరణ శాస్త్రంలో ఎంత మొనగాడైనా, అడిగినదానికి సూటిగా జవాబు చెప్పి ఎరుగరు. టీ తాగి, గ్లాసు బోర్లించి, ఎప్పటిదో ఒక ఊసు ఎత్తుకుంటారు. శిష్యులం విసుక్కుంటూనే వింటాం.

ఆ రోజు అడిగింది ఇందుమతి. ఆమె తయారుచేసిన వాన మోడల్ జూన్ ఎనిమిదికే విత్తుకోవచ్చంటోంది. కొండమీది పెద్దవాళ్లు అప్పుడే వద్దంటున్నారు. ఎల్లుండికల్లా నలభై గూడేలకు సలహా పంపాలి. కిందటేడు పంట పోయి, వాళ్ల దగ్గర మిగిలినవి ఒక్కసారి విత్తడానికి సరిపడా గింజలే.

"కంప్యూటర్ మాట పంపనా, కొండవాళ్ల మాట పంపనా? ఏదో ఒకటి తేల్చండి మాస్టారూ," అంది. పాపం, రెండు రోజులుగా నిద్ర లేదు ఆ పిల్లకి.

మాస్టారు గ్లాసు బోర్లించారు.

ఆయనా ఆ వయసులో మోడల్ ఉన్న కంప్యూటర్ పెట్టె చంకన పెట్టుకుని రంప కొండలెక్కారట. వెళ్లింది కొండరెడ్ల గూడేనికి. అక్కడ ఇంటింటా అటక మీద విత్తనాలు దాచిన సొరకాయ బుర్ర ఉంటుంది. అందరికన్నా పెద్దదైన పల్లాల ముత్తమ్మ తన బుర్ర దించేదాకా ఎవరూ దించకూడదు. అది కట్టుబాటు.

జూన్ మొదట్లో రెండు రోజులు వాన దంచింది. మోడల్ కూడా సరే అంది. "ఇంకేం చూస్తారు, చల్లెయ్యండి!" అన్నారు మాస్టారు.

ముత్తమ్మ కదల్లేదు. "వాగులో ఎండ్రకాయలింకా గట్టెక్కలేదు బాబూ, అవెక్కితేనే అసలు వాన," అంది.

మాస్టారు పకపకా నవ్వారు. ఆ నవ్వు చూసి సోములు అనే ముగ్గురు పిల్లల తండ్రి ధైర్యం తెచ్చుకున్నాడు. కట్టుబాటును కాదని, బుర్ర దించి ఉన్న గింజలన్నీ చల్లేశాడు.

ఆ తర్వాత పదమూడు రోజులు చుక్క పడలేదు. మొలకలు మాడిపోయాయి. ఖాళీ బుర్ర పట్టుకుని పోడు చేలో కూర్చున్న సోముల్ని చూసి మాస్టారికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. తిన్నగా ముత్తమ్మ దగ్గరికెళ్లి చేతులు జోడించారు.

"నా లెక్కలన్నీ తప్పమ్మా. ఇకనుంచి మీ ఎండ్రకాయలే నాకు దిక్కు."

ముసలమ్మకి చిర్రెత్తుకొచ్చింది. "ఊరుకో బాబూ! మొన్న నవ్వావు, ఇయ్యాల దండం పెడతన్నావు. రెండూ తెలివితక్కువ పనులే. ఇంతకీ వాన కొలిచే గిన్నె ఎక్కడెట్టావు?"

"కొండ కింది ఊరి బడి డాబా మీద."

"అది కొండకి అవతలి పక్క. ఆ మబ్బు ఇటు దిగదు. అక్కడి వాన చూపించి ఇక్కడి సంగతి చెప్పమంటే నీ పెట్టె మాత్రం ఏం చేస్తది?"

ఎనిమిదేళ్ల కొలతలు! డాబాకి మెట్లున్నాయి, ఎక్కడం సులువని మాస్టారే దగ్గరుండి పెట్టించిన గిన్నె అది.

ముత్తమ్మ గొంతు తగ్గించింది. "ఎండ్రకాయనీ నేను గుడ్డిగా నమ్మటం లేదు. మా అత్త రోజుల్లో ఒకసారి గట్టెక్కితే మళ్లీ దిగేది కాదు. ఐదేళ్లబట్టి ఎక్కుతన్నాయి, దిగుతన్నాయి. నాకు భయమేస్తంది బాబూ. నీ పెట్టె ఏమన్నా చెప్తదా?"

చెప్పగలదు. తొలి వానకీ అసలు వానకీ నడుమ ఎండలు ఏటేటా సాగుతున్నాయని ఆయన దగ్గరున్న నలభై ఏళ్ల జిల్లా రికార్డుల్లో కనబడుతూనే ఉంది. అదేమంత ముఖ్యం కాదని పక్కన పడేశారంతే. ఆ సంగతి ఆమెకు విడమర్చి చెప్పారు.

అంతా విని ముత్తమ్మ బుర్ర దించింది. ఆ గూడెంలో ఎన్నడూ ఎవరూ చేయని విధంగా గింజల్ని మూడు పాళ్లు చేసింది. ఒక పాలు సోములు కండువాలో పోసింది. ఒక పాలు ఎండ్రకాయలు గట్టెక్కిన రోజుకి ఉంచింది. మూడోది, పెట్టె చెప్పిన ఎండలు దాటాక చల్లడానికని మళ్లీ అటకెక్కించింది. వానగిన్నెను కొండపైకి తెప్పించి, వాగొడ్డున ఎండ్రకాయల బొరియల పక్కనే పెట్టించింది.

ఇందుమతి ఆత్రంగా ముందుకు వంగింది. "చివరికి ఏ పాలు పండింది మాస్టారూ?"

మాస్టారు బోర్లించిన గ్లాసు తిరగేసి, ఇంకో టీ పోసుకున్నారు.

"కొండమీదికి నాలుగింటికి బస్సుంది. ముందు నీ గిన్నె ఎక్కడుందో చూసి రా."