వెంట్రుకవాసి తేడా

గంగవోలు దొర జగ్గభూపతికి తుపాకుల మోజు. ఒకే పెట్టెలో అరడజను చిన్న రివాల్వర్లు తెప్పించుకున్నాడు. అన్నీ ఒక్క అచ్చులో పోసినట్టుండేవి. అందుకే ఒకటి చెడితే ఇంకోదాని భాగం పీకి తగిలించమనేవాడు.

బాగుచేసిన తుపాకికి పూచీ పడ్డవాడే మొదట పేల్చాలని ఆ సంస్థానంలో ఆనవాయితీ. ఆ పూచీ ఎప్పుడూ కమ్మరి నెత్తినే పడేది. పోయినేడు కాళాచారి అలాగే పేల్చాడు. తూటా గొట్టంలోకి పోకుండా చేతిలోనే పేలింది. మూడో రోజుకి మనిషి పోయాడు. "పనిరాని కమ్మరి" అని దొర తేల్చేశాడు.

ఈ ఏడు అదే పని కాళాచారి తమ్ముడు మౌనాచారికి వచ్చింది. ఒకదానిలో తూటాలు పెట్టే చక్రం తీసి ఇంకోదానికి ఎక్కించి, కన్నుపెట్టి చూశాడు. చక్రంలో రంధ్రమూ, గొట్టమూ ఎదురెదురుగా లేవు. అన్న చూసిందీ ఇదే మరి.

నిండు కొలువులో, పొరుగు దొరల ముందే చెప్పాడు. "వెంట్రుకవాసి తేడా ఉంది దొరా. ఆకురాయితో సరిచేయాలి. పది రోజులివ్వండి."

"ఒకే పెట్టెలోవిరా అవి! దానిది దీనికి సరిపోయి తీరుతుంది. పేల్చు!"

మౌనాచారి రెండు చేతులా తుపాకిని దొర ముందు పెట్టాడు. "పూచీ పడ్డవాడే కదా దొరా మొదట పేల్చాలి? నేను సరిపోలేదంటున్నాను. సరిపోయిందంటున్నది తమరు."

పొరుగు దొరలు ముందుకు వంగి చూస్తున్నారు. జగ్గభూపతి చెయ్యి ఒళ్లోంచి లేవలేదు.

"సరే, పది రోజులు తీసుకో" అన్నాడు చివరికి.

మౌనాచారి తుపాకిని గుడ్డలో చుట్టుకున్నాడు.

"మా అన్న అడిగిందీ పది రోజులే దొరా."