చిలుక తిన్న జీలకర్ర

అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. ఊఁ కొడుతూ వినండర్రా, పొద్దుటినుంచీ చాకిరీతో నాకు నోరు లేవడం లేదు.

చిన్నవాడు పుష్కరుడి పెళ్లి. తలల మీద జీలకర్ర-బెల్లం పెట్టబోతుండగా, తిమిరకేతుడనే మాంత్రికుడు వచ్చి పెళ్లికూతురు తరళను పీటల మీంచే ఎత్తుకుపోయాడు. ఏడు సముద్రాల అవతల దీవిలో దాచాడు. పెద్దన్న మొదటి సముద్రం చూసే తిరిగొచ్చాడు. నడిపివాడు మూడో సముద్రం దాకా వెళ్లొచ్చి, "నావల్ల కాదురా తమ్ముడూ" అని మంచమెక్కాడు. ఇక పుష్కరుడే బయలుదేరాడు. పెళ్లికి తెచ్చిన జీలకర్రలో కాస్త తల్లి మూటకట్టి ఇచ్చింది. "తిన్నది అరక్కపోతే నమిలి నీళ్లు తాగు నాయనా" అంది.

నడిచాడు, నడిచాడు, కాళ్లు పీకేలా నడిచాడు. సముద్రపొడ్డున ముసలి తాబేలొకటి కడుపునొప్పితో మూలుగుతోంది. ఒక చిటికెడు పెట్టాడు. నొప్పి తగ్గింది. "ఎక్కు బాబూ. నేనూ అలిసినదాన్నే, మెల్లగా పోదాం" అని ఏడు సముద్రాలూ దాటించింది.

దీవిలో ఒక అవ్వ జ్వరపడి లేచింది. నోరు చేదై అన్నం ముట్టడం లేదు. రెండో చిటికెడు పోపువేసి చారు కాచి పోశాడు. అవ్వ రెండు ముద్దలు మింగి, "మాంత్రికుడి ప్రాణం చిలుకలో ఉంది నాయనా. జీలకర్ర-బెల్లం లేనిదే పెళ్లేమిటని పిల్ల మొండికేసింది. ఈ దీవిలో జీలకర్ర పండదు. బయటికి వెళ్లి తెద్దామంటే పిల్ల పారిపోతుందని వాడికి భయం. మంత్రంతో పుట్టిస్తే, వాసనేదని పారబోస్తోంది" అని చెప్పింది.

మిగిలింది మూడో చిటికెడు. పుష్కరుడు కోటలో అడుగుపెట్టగానే మాంత్రికుడు వాసన పట్టేశాడు. కళ్ల కింద నలుపు, పొట్ట కుండంత.

"ఇలా తే! ఈ పూటే తాళి కడతా. లేదంటే నిన్ను రాయిని చేస్తా!"

కిటికీలోంచి చూసి తరళ భోరుమంది. పుష్కరుడు పక్కనున్న పంజరంలో చేయిపెట్టి చిలుక మెడ పట్టుకున్నాడు. మాంత్రికుడు ఉన్నచోటే కొయ్యబారిపోయాడు.

చిలుక నీరసంగా అంది: "విరుద్దువుగానీ, ముందా గింజలు పెట్టవయ్యా. నేను చస్తే తను చస్తానని రోజంతా నా నోట్లో నేతి అరిసెలు కుక్కుతున్నాడు. ఒక్కటీ అరగదు. ఏళ్లయింది, నాకూ నిద్ర లేదు, వాడికీ లేదు."

పుష్కరుడికి చంపే ఓపిక లేదు. పైగా జాలేసింది. ఉన్న చిటికెడూ పెట్టేశాడు. చిలుక నమిలి త్రేన్చింది. మాంత్రికుడు కోట అదిరేలా త్రేన్చాడు. పొట్ట దిగింది. "అమ్మయ్య" అని అక్కడే ఒరిగి నిద్రపోయాడు.

"నేను లేస్తేగానీ వాడు లేవడు. నేనిప్పట్లో లేవను, మీరు వెళ్లండి" అని చిలుక కళ్లు మూసుకుంది.

తాబేలు మెల్లగా ఇద్దరినీ ఇంటికి చేర్చింది. మళ్లీ పీటలు వేశారు. అత్తగారు నూరిచ్చిన ముద్దను తరళ ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది అసలుది" అని వెక్కివెక్కి ఏడ్చింది. కూర్చునే కునుకుతున్న పుష్కరుడి తలమీద దాన్ని అదిమిపెట్టింది.

వాళ్లు నిండా నూరేళ్లు రాజ్యమేలారు. చిలుకా మాంత్రికుడూ ఇంకా లేవలేదు. మీరూ లేవకండి, నన్నూ లేపకండి.