ఆకు లేని విందు

ఒకానొక రాజ్యాన్ని ఏలే నరపరాజుగారికి సముద్రపు గాలి మీద మోజు పుట్టింది. అంతే, రాజధానిని కొండవాక నుంచి రేవుపట్నానికి మార్చమన్నారు.

కొలువులోని వాళ్ళంతా గుండెలు బాదుకున్నారు. రేవుపట్నంలో అన్నీ ప్రియమే. రాజుగారు మాత్రం ఏనుగెక్కి, బాకాలు ఊదించుకుంటూ వెళ్ళి అక్కడి అంగట్లో ధరలు విచారించి వచ్చారు.

"బియ్యం, పప్పు, నెయ్యి, ఉప్పు. రెండు ఊళ్ళలోనూ ఒకటే ధర! మనిషికి ఇంతకు మించి ఏం కావాలి? జీతాలు పెరగవు. అడిగినవాడి ఉద్యోగం ఊడుతుంది" అని మీసం దువ్వారు.

విదూషకుడు లింగభట్టు దిగులుగా ఇల్లు చేరాడు. భార్య కావమ్మ చేట పక్కన పెట్టి నిలదీసింది.

"అక్కడ బావుల్లో ఉప్పునీళ్ళేనట. తాగే నీళ్ళు కావిళ్ళ లెక్కన కొనాలట. కరివేపాకు రెబ్బ కూడా ఎవరూ ఊరికే ఇవ్వరట. పిల్లల్ని ఏం పెట్టి సాకుతారు?"

"నోరు తెరిచి అడిగితే ఉన్నదీ పోతుందే!"

"మిమ్మల్ని అడగమన్నానా? రాజుగారి చేతే అడిగించండి."

లింగభట్టు పకపకా నవ్వాడు. మర్నాడే వెళ్ళి రేవుపట్నం కోట గృహప్రవేశపు విందు పని తనకు ఇప్పించుకున్నాడు. "తమరు సెలవిచ్చినవన్నీ లోటు లేకుండా తెప్పిస్తాను ప్రభూ" అన్నాడు.

గృహప్రవేశం నాడు పూజ ముగిసేదాకా పస్తుండి, ఎంత రాజైనా అరిటాకులోనే భోంచెయ్యాలి. అది ఆ వంశపు ఆచారం. మధ్యాహ్నం దాటాక రాజుగారు నకనకలాడే కడుపుతో పీట మీద కూర్చున్నారు. వంటవాడు పొగలు కక్కే అన్నం, పప్పు తెచ్చి ఎదురుగా నిలబడిపోయాడు.

"వడ్డించవేమిరా?"

"ఎక్కడ వడ్డించమంటారు ప్రభూ?"

రాజుగారు కిందికి చూశారు. పీట ముందు వట్టి నేల!

"లింగభట్టూ! ఆకేదయ్యా?"

"ఆకు తమరు చెప్పలేదు ప్రభూ. బియ్యం, పప్పు, నెయ్యి, ఉప్పు అన్నారు. కొండవాకలో ఆకు పెరట్లో కోసుకునేవాళ్ళం. ఇక్కడ కొనాలట."

"సరే, ముందు మంచినీళ్ళు ఇప్పించు. గొంతు ఎండిపోతోంది."

"అవీ కొనాలట."

"పప్పుకి కరివేపాకు వాసనైనా లేదేం?"

"అక్కడ మా పక్కింటావిడ ఊరికే ఇచ్చేది. ఆవిడ మనతో రాలేదు. ఉప్పు మాత్రం మిగిలింది ప్రభూ, వంటంతా ఈ కోట బావి ఉప్పునీళ్ళతోనే చేయించాను."

రాజుగారి కళ్ళు ఎర్రబడ్డాయి. "ఇదంతా జీతాల కోసమేగా! అడిగినవాడి ఉద్యోగం ఊడుతుందన్నాను, మరిచావా?"

లింగభట్టు చేతులు జోడించాడు.

"మరవలేదు ప్రభూ. అందుకే నేనేమీ అడగలేదు. ఆకు అడిగింది తమరు, నీళ్ళు అడిగింది తమరు, కరివేపాకు..."



తన తప్పు తెలిశాక కోపాన్ని దిగమింగడం అందరికీ చేతకాదు. రాజులకు మరీ కష్టం. నరపరాజుగారికి అది చేతనైంది. ముందు మీసం కదిలింది, తర్వాత బొజ్జ కదిలింది.

"అంటే ఊడవలసింది నా ఉద్యోగమన్నమాట!" అని విరగబడి నవ్వారు.

అక్కడికక్కడే అందరి జీతాలూ పెంచారు. చేతి కంకణం తీసి లింగభట్టుకు తొడిగారు.

"భేష్! ఇంకేం కావాలో అడుగు!"

"అమ్మో, అడగను ప్రభూ! ఉద్యోగం ఇప్పుడే నిలబడింది."