పైనుంచి చూసిన పొగ

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు సూరమ్మ తన గూడు దులుపుకుంటోంది. సూరమ్మ గిజిగాళ్ల ఇంటి ఆడపడుచు. కొండ కింద తుమ్మకొమ్మకి వేలాడే ఆ గూట్లో మూడు గుడ్లు, గుడ్ల మీద మసి. పొదగడం మొదలుపెట్టి పదోరోజు. ఇంకో నాలుగు రోజులు గడిస్తే పిల్లలొస్తాయి. కిందటిసారి పెట్టిన గుడ్లు ఈ మసికే పోయాయి.

మసి రాబందుల పుణ్యం. కొండమీది రాబందులు, డబ్బున్న జంతువులను బుట్టల్లో కూర్చోబెట్టుకుని కొండ అవతలి మామిడితోపుకి ఎగరేసుకుపోతాయి. అంత బరువుతో రెక్కలు లేవవు. అందుకని కొండ కింద ఎండుగడ్డి తగలబెడతాయి. వేడిగాలి పైకి తంతుంటే దానిమీద తేలి లేస్తాయి. బుట్ట ఎక్కేది తోపులో విందులకి పోయేవాళ్లు. పొగ పీల్చేది కింద ఉండేవాళ్లు.

ఆ రోజు కొండమీది చట్టుబండ దగ్గర అడవి సభ. సభకి పెద్ద నక్క జోగులు. రోజుకి ఒక్క మంటే వెయ్యాలని కట్టడి తెస్తానని చెప్పి ఎన్నికల్లో గెలిచినవాడు. సూరమ్మ ఆ మాట నమ్మి వెళ్లింది.

జోగులు గొంతు సవరించుకున్నాడు. “పొగ గురించి నాకన్నా బాధపడేవాడు ఈ అడవిలో లేడు. అయితే తొందరపడకూడదు. ఒక్కో మంటకి ఒక్కో మొక్క నాటడానికి శేషాచలంగారు పెద్ద మనసుతో ఒప్పుకున్నారు. ఇరవై ఏళ్లలో పొగన్నదే ఉండదు.”

శేషాచలం బుట్టలు నడిపే రాబందుల యజమాని, తనూ రాబందే. ముందు వరసలోంచి మెడ వంచి అందరికీ నమస్కారం పెట్టాడు.

సూరమ్మకి ఒళ్లు మండింది. “ఇరవై ఏళ్లా బాబాయ్? నా గుడ్లకి నాలుగు రోజులే ఉంది! మీ ఎన్నికల విందుకి మాంసం బుట్టలు ఎవరు పంపారో అది చెప్పండి ముందు.”

“శేషాచలంగారే పంపారు. దాచేదేముంది? తిన్నది కడుపులోకి పోయింది తల్లీ, బుర్రలోకి కాదు. నా మాట నాదే.”

ఎన్నికల్లో జోగులు మీద ఓడి మామూలు సభ్యుడిగా మిగిలిన అడవిపంది వరహాలు రంకె వేశాడు. “సిగ్గులేదట్రా జోగులూ! ఆడకూతురు గుడ్ల మీద మసి దులుపుకుంటుంటే మొక్కల కబుర్లు చెబుతావా?”

ఆ సభకి ఒక ఆనవాయితీ ఉంది. ఏ చోటు గురించి తగువొచ్చినా, సభ్యులు ఆ చోటుని కళ్లారా చూశాకే తీర్పు చెప్పాలి. సూరమ్మ దాన్ని పట్టుకుంది.

“అయితే వచ్చి చూడండి. మంట వేసినప్పుడు నా చెట్టు దగ్గర కాసేపుండండి. చాలు.”

“న్యాయమే,” అన్నాడు జోగులు. “కాని ఈ ఎండలో పెద్దవాళ్లు కొండ దిగి ఎక్కాలంటే...”

“దిగడమెందుకండీ, మా బుట్టలున్నాయిగా,” అన్నాడు శేషాచలం. “సభకి ఆ మాత్రం సేవ చేసుకోనివ్వండి.”

చూడ్డానికి వస్తున్నారు, ఎలా వస్తే ఏం అనుకుంది సూరమ్మ. సంతోషంగా తలూపి చెట్టు దగ్గరికి రివ్వున ఎగిరింది. ఆమె చేసిన తప్పు అదొక్కటే.

సభ్యులు పదకొండుమంది. బుట్టలు పదకొండు. మంటలూ పదకొండు. “దొంగని పట్టాలంటే దగ్గరుండి చూడాలి” అంటూ వరహాలు కూడా తన బుట్ట ఎక్కాడు. మామూలు రోజున మంటలు మూడుకి మించవు. సూరమ్మ గూటి గుమ్మంలో ఎదురుచూసింది. బుట్టలు చెట్టు మీదుగా రెండు చుట్లు తిరిగాయి, దిగలేదు. పొగకి కళ్లు కనబడక ఆమె వాగు అవతలికి పారిపోయింది. పొగ తగ్గేసరికి పొద్దు వాలింది. గూట్లో గుడ్లు చల్లగా ఉన్నాయి. మూడూ.

కొండమీదికి వెళ్లేసరికి పొగ లేదని తీర్మానం అయిపోయింది.

“కళ్లారా చూశాం,” అంటున్నాడు జోగులు. “పైన గాలి ఎంత చల్లగా ఉందో! ఒక్కరికీ దగ్గు రాలేదు.”

“పొగ కింద ఉంటుంది బాబాయ్! మీరు పైనుంచి చూశారు!”

“చూడమన్నావు, చూశాం. ఎక్కడ నిలబడి చూడాలో ఆనవాయితీలో లేదమ్మా.”

తీర్మానానికి ఒక్కరూ అడ్డు చెప్పలేదట. వరహాలు చెయ్యెత్తే వేళకి నిరసనగా బయటికి నడిచాడట.

ఆ వరహాలే దారిలో సూరమ్మని ఓదార్చాడు. “ఏడవకు చెల్లీ. వచ్చే ఎన్నికల్లో నన్ను కూర్చోబెట్టు. ఒక్క మంట వెలిగితే నా పేరు వరహాలు కాదు.”

మర్నాటినుంచి సూరమ్మ చెట్టుచెట్టుకీ తిరిగి వరహాలు పేరు చెప్పింది. తొమ్మిదోరోజున, రాబందుల బుట్టలు శుభ్రం చేసే కాకి ఆమెని ఆపింది.

“వరహాలు కోసం తిరుగుతున్నావటగా అక్కా? మొన్నటి ఎన్నికల్లో ఆయన విందుకి కందదుంపలు మోసింది కూడా మా శేషాచలంగారి రాబందులే. జోగులుకి పొద్దున, వరహాలుకి మధ్యాహ్నం.”

పోటీపడే ఇద్దరికీ విందు పెట్టినవాడు ఏ ఎన్నికలోనూ ఓడిపోడు.